ఒకే తల, మూడు స్కానర్లు: మెదడు కొలతలు కలుస్తున్నాయో లేదో చూసుకోవడం ఎలా

మొన్న వేసవిలో ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారి రిపోర్టులు రెండు పట్టుకుని స్కానర్ నడిపే మా కన్సోల్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొదటిది విశాఖలో 1.5 టెస్లా ఎంఆర్‌ఐ మెషీన్ మీద తీయించింది (టెస్లా అంటే మెషీన్‌లోని అయస్కాంతం బలానికి కొలత). రెండోది పదకొండు నెలల తర్వాత హైదరాబాద్‌లో 3 టెస్లా మీద. రెండింట్లోనూ హిప్పోక్యాంపస్ ఎంతుందో అంకెల్లో వేశారు. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే ఆ భాగం బాగుండాలి. కుడివైపొకటి, ఎడమవైపొకటి ఉంటాయి, ఒక్కోటి మూడున్నర మిల్లీలీటర్ల దరిదాపు. రెండో రిపోర్టులో అంకె బాగా పడిపోయింది. "మేడమ్, నాన్నకి ఇంత తొందరగా..." అన్నాడు, మిగతా మాట గొంతులోనే ఆగిపోయింది.

తగ్గింది మెదడా, మారింది మెషీనా? ఆ రెండు కాగితాలు చూసి ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేకపోయాను. ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టుగా పంతొమ్మిదేళ్ల నుంచి పని చేస్తున్నాను. గత నాలుగేళ్లుగా విశాఖ, విజయవాడ, హైదరాబాద్ సెంటర్లు కలిసి చేస్తున్న ఒక జ్ఞాపకశక్తి అధ్యయనంలో బొమ్మల నాణ్యత చూసే పని నాది. రెండు మెషీన్ల అంకెల్ని పక్కపక్కన పెట్టే ముందు ఏమేం చూసుకోవాలో నాకు తెలిసినంత వరకూ రాస్తున్నాను. తోటి టెక్నాలజిస్టులకి, వేర్వేరు ఆసుపత్రుల డేటా కలుపుదామనుకునే పరిశోధక విద్యార్థులకి ఇది పనికొస్తుంది.

ముందు మనం వెతికే మార్పు ఎంత చిన్నదో మనసులో పెట్టుకోండి. 2009లో లండన్ పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, హిప్పోక్యాంపస్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు 1.41%, అల్జీమర్స్ ఉన్నవాళ్లలో సుమారు 4.66% తగ్గుతోందని తేలింది. జబ్బుకీ మామూలు వయసుకీ మధ్య ఉన్నది ఆ మూడు శాతం చిల్లర. మెషీన్ మారినందువల్లే మూడు శాతం తేడా వస్తే ఇక మిగిలేదేమీ లేదు. మెదడు పైపొర మందం కూడా అంతే. ఆ పొర సగటున రెండున్నర మిల్లీమీటర్లు. 2006లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో అవే తలల్ని వేరే కంపెనీ మెషీన్ మీద తీస్తే 0.15 మి.మీ., వేరే టెస్లా మీద తీస్తే 0.17 మి.మీ. మేర కొలత అటూఇటూ అయింది.

మనిషి కంటే ముందు ఫాంటమ్

ఫాంటమ్ అంటే ద్రవం నింపిన ప్లాస్టిక్ డబ్బా, దాని కొలతలు మనకి ముందే తెలుసు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్ల పెద్ద ఫాంటమ్ చాలా చోట్ల ఉంటుంది. లోపలి వ్యాసం 190 మి.మీ., లోపలి పొడవు 148 మి.మీ. మెషీన్ కూడా అంతే చూపించాలి.

ముందురోజు రాత్రే దాన్ని మ్యాగ్నెట్ గదిలో పెట్టేయండి, ద్రవం గది చల్లదనానికి రావాలి. పొద్దున హెడ్ కాయిల్‌లో, అంటే తల చుట్టూ వచ్చే సిగ్నల్ అందుకునే తొడుగులో పెట్టి, మేస్త్రీలు వాడే రసమట్టం లాంటిదే ప్లాస్టిక్‌ది ఒకటి పైన పెట్టి సమంగా ఉందో లేదో చూడండి. లోపలి ద్రవం కుదురుకోవడానికి పది నిమిషాలు వదిలేసి అప్పుడు స్కాన్ చేయండి. కొలిచేటప్పుడు తెర మీద బొమ్మ వెలుగుని సర్దే విండో లెవెల్‌ని ద్రవం వెలుగులో సగానికి తెచ్చుకోవాలి. లేకపోతే అంచు ఎక్కడుందో మీ కంటికొకటి, పక్కవాళ్ల కంటికొకటి కనిపిస్తుంది. అడ్డంగా, నిలువుగా, పొడవునా మూడు దిక్కుల్లోనూ కొలిచి రాసుకోండి.

190 బదులు 192 వచ్చిందనుకోండి. రెండు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. అది ఒక దిక్కులో ఒక శాతం. మూడు దిక్కుల్లోనూ ఒక్కో శాతం పెరిగితే ఘనపరిమాణం మూడు శాతం పెరుగుతుంది. పైన చెప్పిన మూడు శాతం చిల్లర ఇక్కడే పోయింది, మనిషి ఇంకా టేబుల్ మీద పడుకోకముందే. అందుకే వారానికోసారి ఈ పని మానొద్దని మా మూడు సెంటర్లనీ పోరుతూ ఉంటాను.

పేరు ఒకటైతే స్కాన్ ఒకటి కాదు

మెదడు భాగాలు విడివిడిగా తేలేలా తీసే, కొలతలకి వాడే త్రీడీ టీ1 స్కాన్‌ని సీమెన్స్ వాళ్లు ఎంపీరేజ్ అంటారు, జీఈ వాళ్లు బ్రావో అంటారు, ఫిలిప్స్ వాళ్లు త్రీడీ టీఎఫ్ఈ అంటారు. "టీఆర్ 2300 పెట్టండి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటే పని చెడుతుంది. సీమెన్స్ తెర మీద టీఆర్ అంటే ఒక ఇన్వర్షన్ పల్స్‌కీ (మెదడు భాగాల మధ్య తేడా తేలడానికి ముందుగా పంపే రేడియో తరంగం) తర్వాతి దానికీ మధ్య కాలం. మిగతా ఇద్దరి తెర మీద టీఆర్ అంటే ఒక ఎకోకీ (తల నుంచి తిరిగొచ్చే సిగ్నల్) తర్వాతి ఎకోకీ మధ్య కాలం, అది ఏడెనిమిది మిల్లీసెకన్లే ఉంటుంది. పేరు ఒకటే, కొలిచేది వేరు. 3 టెస్లా అనే మాట కూడా అలాంటిదే. చాలా సీమెన్స్ 3 టెస్లా మెషీన్లు 123.2 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి, అంటే అసలు బలం 2.89 టెస్లా. జీఈవి 127.7 దగ్గర, అంటే నిజంగానే 3 టెస్లా దగ్గర ఉంటాయి.

అందుకని ప్రోటోకాల్ (స్కాన్ సెట్టింగుల పట్టిక) మొత్తాన్ని మెషీన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయించి, రెండు కాగితాలూ బల్ల మీద పరిచి, వరస వరస చదవండి. నేను ముందుగా చూసేవి ఇవి. వాక్సెల్, అంటే బొమ్మలోని ఒక్కో చిన్న గడి, మూడు వైపులా 1 మి.మీ. ఉందా? జీఈలో గడుల్ని లెక్కతో చిన్నవిగా చేసే జిప్ 512 ఆన్‌లో ఉంటే తీసింది 1 మి.మీ. అయినా ఫైలు సగం మిల్లీమీటరని చెబుతుంది, దాన్ని ఆపేయండి. వెలుగు సరిచేసే ఫిల్టర్ అన్నిచోట్లా ఆన్‌లో ఉందా? దాని పేరు సీమెన్స్‌లో ప్రీస్కాన్ నార్మలైజ్, జీఈలో ప్యూర్, ఫిలిప్స్‌లో క్లియర్. వంకర సరిచేసే డిస్టార్షన్ కరెక్షన్ త్రీడీలో ఉందా? సీమెన్స్‌లో ఒకే స్కాన్‌కి రెండు సిరీస్‌లు రావచ్చు. పేరు చివర ఎన్‌డీ అని ఉన్నది సరిచేయనిది. హడావుడిలో దాన్నే పంపేస్తుంటారు. ఇక కొత్త మెషీన్లలో డీప్ లెర్నింగ్‌తో బొమ్మని నునుపు చేసే ఆప్షన్లు వస్తున్నాయి. రేడియాలజిస్టు కంటికి అవి హాయిగా ఉంటాయి, కాదనను. కానీ అంచుల్ని కొలిచే పనిలో ఒక సెంటర్ వాడి మరో సెంటర్ వాడకపోతే ఆ రెండింటినీ కలపకూడదు.

టేబుల్ మీద ఉన్న మనిషి

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఇక్కడే అని నా అనుభవం. 2015లో ఒక అమెరికన్ బృందం కావాలని తల కదిలించమని చెప్పి స్కాన్లు తీసి కొలిచింది. తల నిమిషానికి ఒక మిల్లీమీటర్ చొప్పున కదిలితే గ్రే మ్యాటర్ (నాడీకణాలుండే బూడిదరంగు భాగం) సుమారు 0.7% తక్కువగా కనిపించింది. వణుకు ఉన్న పెద్దాయనకి మెదడు లేనిపోని నష్టం జరిగినట్టు రిపోర్టులో వస్తుందన్నమాట. పెద్దవాళ్లే ఎక్కువ కదులుతారు, జబ్బు ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ కదులుతారు. కాబట్టి ఈ తప్పు సగటు తీస్తే పోయే రకం కాదు, ఎప్పుడూ ఒక వైపుకే లాగుతుంది.

నేను చేసేది ఇది. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టి, రెండు పక్కలా స్పాంజి దిమ్మలు బిగించి, మెడ కింద పలచటి తువ్వాలు మడిచి పెడతాను. మెడ కింద ఖాళీ ఉంటే మూడో నిమిషానికి నొప్పి మొదలై గడ్డం కదులుతుంది. లేజర్ గీత కనుబొమల మధ్యకి తెస్తాను. కుడి కణత మీద విటమిన్ ఇ మాత్ర ఒకటి టేపుతో అంటిస్తాను. బొమ్మలో అది తెల్లగా మెరుస్తుంది కాబట్టి కుడిఎడమలు ఎక్కడా తారుమారు కావు. తర్వాత మైకులో చెబుతాను: "బాబుగారూ, ఇప్పుడు ఐదున్నర నిమిషాలు చప్పుడొస్తుందండి. దగ్గొస్తే ఇప్పుడే దగ్గేయండి, గుటక ఇప్పుడే మింగేయండి. ఆ తర్వాత బొమ్మలా ఉండాలి." ఈ స్కాన్ అన్నిటికంటే ముందు తీయండి. నలభై నిమిషాల తర్వాత ఎవరూ బొమ్మలా ఉండలేరు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటే అంతకుముందే తీయండి. కాంట్రాస్ట్ ఎక్కాక రక్తనాళాలు, మెదడు చుట్టూ ఉండే పొరలు తెల్లబడి సాఫ్ట్‌వేర్ అంచుల్ని తప్పుగా పట్టుకుంటుంది.

అవే తలలు అన్ని మెషీన్లకీ వెళ్లాలి

ఫాంటమ్ ఎంత బాగున్నా దానికి మడతలు లేవు, గ్రే మ్యాటర్, వైట్ మ్యాటర్ లేవు. అసలు తేడా తెలియాలంటే కొందరు మనుషులు ఒక్కో స్కానర్ దగ్గరికీ వెళ్లి పడుకోవాలి. జపాన్‌లో ఒక పెద్ద ప్రాజెక్టు కోసం తొమ్మిది మంది పన్నెండు చోట్లకి తిరిగారు. మరో చోట ఒకే ఒక్క మనిషి తన 29వ ఏట నుంచి 46వ ఏట దాకా 73 సార్లు రకరకాల మెషీన్లలో పడుకుని ఆ డేటా అంతా అందరికీ ఇచ్చేశాడు. ఆయన ఓపికకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

మా దగ్గర ఆరుగురం వెళ్లాం: ఇద్దరు టెక్నాలజిస్టులు, ఒక లెక్చరర్, ఒక డ్రైవర్, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య. ఆ ఇద్దరు టెక్నాలజిస్టుల్లో నేనొకదాన్ని. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, అంగీకార పత్రాలు. స్కాన్‌లో అనుకోనిది ఏదైనా కనిపిస్తే ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అన్నది కూడా ముందే రాసుకున్నాం. ఇది దాటేయకండి. ఆరోగ్యంగా ఉన్నామనుకుని వచ్చినవాళ్ల మెదడు అది.

ఒక్కొక్కరినీ ఒక్కో మెషీన్ మీద రెండేసి సార్లు తీయాలి. రెండింటి మధ్య మనిషిని టేబుల్ మీద నుంచి దింపి, నాలుగడుగులు నడిపించి, మళ్లీ మొదటి నుంచి పడుకోబెట్టాలి. దింపకుండా వరసగా రెండు తీస్తే ఆ రెండూ బాగా కలుస్తాయి, కానీ అది మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. అసలు జీవితంలో రోగి ఏడాది తర్వాత కొత్తగా వచ్చి పడుకుంటాడు. స్కాన్ ఆ సెంటర్ టెక్నాలజిస్టే చేయాలి, మీరు పక్కన నిలబడి సరిదిద్దొద్దు. అందరూ ఒకే వరసలో కాకుండా కొందరు విశాఖలో, కొందరు హైదరాబాద్‌లో మొదలుపెట్టాలి. మొత్తం ఆరు వారాల్లో ముగించాలి.

ప్రయాణం గురించి ఒక మాట. మొదటిసారి మా లెక్చరర్‌ని రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పంపి పొద్దున్నే హైదరాబాద్‌లో స్కాన్ పెట్టాం. ఆవిడకి రాత్రంతా నిద్ర లేదు, దారిలో ఇబ్బందవుతుందని నీళ్లు కూడా తాగలేదు. స్కానర్‌లో నిద్రపట్టి, ఉలిక్కిపడి, తల కదిలిపోయింది. నీళ్లు తక్కువైనా, పొద్దున కాక సాయంత్రం తీసినా మెదడు కొలతలు కొద్దిగా మారతాయి. తర్వాత నుంచి ముందురోజే చేర్చి, రాత్రి పడుకోనిచ్చి, పొద్దున పది ప్రాంతంలో, మామూలుగా నీళ్లు తాగాకే స్కాన్ చేశాం. విజయవాడకైతే రత్నాచల్‌లో సాయంత్రానికి దింపి, స్కాన్ మర్నాడు పెట్టాం.

కంప్యూటర్ కూడా ఒక స్కానరే

2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒకే బొమ్మల్ని మెదడు భాగాల్ని కొలిచే ఫ్రీసర్ఫర్ అనే ప్రోగ్రామ్‌లో వేర్వేరు వెర్షన్లతో, వేర్వేరు కంప్యూటర్ల మీద నడిపి చూశారు. వెర్షన్ మారినందుకే ఘనపరిమాణాల్లో సగటున 8.8%, మందంలో 2.8% తేడా వచ్చింది. మనిషి అదే, మెషీన్ అదే, ఫైలు కూడా అదే! అందుకని అన్ని సెంటర్ల ఫైళ్లూ ఒకే చోటకి తెప్పించుకుని, ఒకే కంప్యూటర్ మీద, ఒకే వెర్షన్‌తో నడపండి. మధ్యలో వెర్షన్ మారిస్తే మొదటి నుంచీ అన్నీ మళ్లీ నడపాల్సిందే.

ఫైళ్లలో పేషెంటు పేరు తీసేటప్పుడు మెషీన్ సీరియల్ నంబరు, మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉన్న గడుల్ని తుడిచేయకండి. మొదట్లో ఒక సెంటర్ వాళ్లు జాగ్రత్త కొద్దీ అన్నీ తుడిచి పంపారు. తర్వాత ఏది ఏ మెషీన్‌దో తేల్చుకోవడానికి నెల పట్టింది.

ప్రోగ్రామ్ గీసిన గీతల్ని కళ్లతో చూడండి. ప్రతి ఒక్కటీ చూడాలి. హిప్పోక్యాంపస్ కింది అంచు, కణతల దగ్గర మెదడు కొస, ఈ రెండు చోట్లా ఎక్కువగా తప్పుతుంది. ఇంకొకటి. చాలా ప్రోగ్రాములు పోల్చుకునే నమూనా తలలు పాశ్చాత్యులవి. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు భారతీయ మెదడు అట్లాస్ (పోల్చుకోవడానికి వాడే నమూనా మెదడు పటం) తయారుచేసేటప్పుడు ముందుగా 50 మందిని మూడు ఆసుపత్రుల్లో మూడు వేర్వేరు స్కానర్ల మీద తీసి చూసుకున్నారు. మెషీన్ తేడాని మనుషుల తేడాగా పొరబడకూడదనే. ఆ తర్వాతే 100 మందితో అసలు అట్లాస్ కట్టారు, 2019లో అది వెలువడింది.

లెక్క

ఇక్కడ భయపడాల్సిందేమీ లేదు, ఎక్సెల్ చాలు. ముందు ఒకే మెషీన్ మీద తీసిన రెండేసి కొలతలు తీసుకోండి. ఆరుగురి ఎడమ హిప్పోక్యాంపస్‌లో రెండు కొలతల మధ్య తేడా 0.04, 0.08, 0.06, 0.10, 0.02, 0.07 మి.లీ. అనుకుందాం. ఒక్కోదాన్నీ వర్గం చేసి కూడితే 0.0269. దాన్ని మనుషుల సంఖ్యకి రెట్టింపుతో, అంటే 12తో భాగించి వర్గమూలం తీస్తే 0.047. దాన్ని 95 శాతం నమ్మకం కోసం వాడే 2.77తో గుణిస్తే 0.13 మి.లీ. మూడున్నర మి.లీ. ఉన్న హిప్పోక్యాంపస్‌లో అది 3.7%. దీని అర్థం, ఆ మెషీన్ మీదే మళ్లీ తీసినా ఒక మనిషిలో 3.7% కంటే తక్కువ మార్పు కనిపిస్తే అది మెదడుదో కొలతదో చెప్పలేం. మా మూడు సెంటర్లలోనూ తమ తమ మెషీన్‌కి ఇలా వచ్చిన అంకెని కన్సోల్ పక్క గోడకి అంటించాం.

తర్వాత రెండు మెషీన్ల మధ్య. ప్రతి మనిషికీ రెండు మెషీన్ల కొలతల సగటు అడ్డగీత మీద, వాటి తేడా నిలువుగీత మీద వేయండి. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ చెప్పిన పద్ధతి ఇది. చుక్కలన్నీ సున్నాకి పైనే ఉంటే ఒక మెషీన్ ఎప్పుడూ ఎక్కువ చూపిస్తోందన్నమాట. రెండు కొలతలూ కలిసి పెరిగి తగ్గుతున్నాయో లేదో మాత్రమే చెప్పే కోరిలేషన్ చూసి మురిసిపోకండి. రెండో మెషీన్ అందరికీ సరిగ్గా 0.2 మి.లీ. ఎక్కువ చూపిస్తే కోరిలేషన్ నిండుగా ఒకటి వస్తుంది, రోగికి మాత్రం ఆరు శాతం అబద్ధం చెప్పినట్టు. కొలతలు ఎంత కలుస్తున్నాయో చెప్పే ఐసీసీ అనే అంకె వాడేటప్పుడు కూడా రెండు రకాల్లో ఏది తీసుకున్నారో చూసుకోండి. కన్సిస్టెన్సీ రకం ఇలాంటి స్థిరమైన తేడాని పట్టించుకోదు, ఆబ్సొల్యూట్ అగ్రిమెంట్ రకం పట్టుకుంటుంది. పైగా ఇరవై ఏళ్ల వాళ్లనీ డెబ్బై ఏళ్ల వాళ్లనీ కలిపి తీస్తే ఐసీసీ దానంతటదే అందంగా వస్తుంది. మనుషుల మధ్య తేడా అంత ఎక్కువగా ఉన్నప్పుడు మెషీన్ తప్పు అందులో మునిగిపోతుంది.

చేయి తిరగడానికి సొంత డేటా కోసం ఆగక్కర్లేదు. ముగ్గురు మనుషుల్ని 31 రోజుల్లో ఒక్కొక్కరినీ 40 సార్లు తీసిన స్కాన్లు 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఒకే మెషీన్ మీద తీసినా అందులో మెదడు లోపలి భాగాలైన కాడేట్‌కి 1.6%, థాలమస్‌కి 6.1% దాకా కొలత ఊగింది. ఏ భాగాన్ని ఎంతవరకు నమ్మొచ్చో మీ చేత్తో మీరే లెక్కేసి చూడండి.

మెషీన్ల మధ్య తేడాని లెక్కతో తీసేసే పద్ధతులున్నాయి. కాంబ్యాట్ అందరూ వాడేది. 2007లో జన్యు డేటా కోసం పుట్టింది, 2017 నుంచి మెదడు బొమ్మలకి వాడుతున్నారు. మంచిదే, మేమూ వాడుతున్నాం. కానీ ఒక ఊళ్లో రోగులే, ఇంకో ఊళ్లో ఆరోగ్యవంతులే ఉంటే మెషీన్ తేడా ఏదో జబ్బు తేడా ఏదో ఆ లెక్కకి తెలియదు, రెండూ కలిపి తుడిచేస్తుంది. ప్రతి సెంటర్‌లోనూ ఇద్దరూ ఉండేలా మొదటిరోజే చూసుకోండి. వయసు, ఆడా మగా, జబ్బు ఉందా లేదా అన్నవి లెక్కలో తప్పకుండా ఇవ్వండి.

రిజిస్టరు

ఇంత చేశాక కూడా మేం దెబ్బతిన్నాం. ఒక సెంటర్‌లో ఓ శనివారం ఇంజినీరు వచ్చి సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసి వెళ్లాడు. మాకెవరూ చెప్పలేదు. ఐదు వారాల తర్వాత ఆ ఊరి కొలతలన్నీ ఒకే వైపుకి జరిగినట్టు కనిపిస్తే, ఫైళ్లలో వెర్షన్ గడి తెరిచి చూశాను. తేదీ సరిగ్గా ఆ శనివారమే. ఆ ఐదు వారాల్లో వచ్చిన పెద్దవాళ్లలో కొందరు శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు. వాళ్లని మళ్లీ రమ్మని ఏ ముఖంతో అడగాలి?

ఇప్పుడు ప్రతి కన్సోల్ పక్కనా గట్టి అట్ట రిజిస్టరు ఒకటి ఉంది. కాయిల్ మార్చినా, బొమ్మలో ఏది ఎక్కడుందో నిర్ణయించే గ్రేడియంట్ భాగం మార్చినా, వెర్షన్ మారినా తేదీతో రాసి సంతకం పెట్టాలి. అప్‌గ్రేడ్ ఉందంటే వారం ముందు చెప్పాలి. మా ఆరుగురిలో కనీసం ముగ్గురం దానికి ముందోసారి, తర్వాతోసారి వెళ్లి పడుకుంటాం. తర్వాత వచ్చిన డేటాని కొత్త మెషీన్ కిందే లెక్కేస్తాం.

ఆ అబ్బాయి చేత రెండు స్కాన్ల సీడీలూ తెప్పించాను. ఫిల్ములు దీనికి పనికిరావు, సీడీ అడిగి తీసుకోండని మీ దగ్గరికి వచ్చేవాళ్లకి కూడా చెప్పండి. తెరిచి చూస్తే రెండో స్కాన్ కాంట్రాస్ట్ ఇచ్చాక తీసింది. అంకెలు వేసిన ప్రోగ్రాములు కూడా వేర్వేరు. "బాబూ, ఈ రెండు అంకెల్నీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకూడదు. నాన్నగారు ఇంట్లో ఎలా ఉన్నారు, డాక్టరుగారు చేసిన జ్ఞాపకశక్తి పరీక్షలో ఏం వచ్చింది, ముందు అది పట్టుకో" అన్నాను. కాంట్రాస్ట్ లేకుండా మొదటి మెషీన్ మీదే మళ్లీ తీయించమని డాక్టరుగారిని అడగమన్నాను. ఆయన రాసిచ్చారు, తీశాం. వచ్చే ఏడు అదే మెషీన్ మీద, పొద్దున పది గంటలకి రావాలి. సీడీ కవరు మీద మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కాయిల్ పేరు, ప్రోటోకాల్ పేరు నా చేత్తో రాసి ఇచ్చాను.